సీతాకోకచిలుకల దేశాటనము

భాద్రపద, ఆశ్వయుజ మాసములలో సూర్యాపేట నుండి చివ్వెంల వైపు పోవు బాటసారికి చెరువు కట్టల మీదను, గుట్టల వాలులందును, బీడు చెలకలలోను తంగేడు విరగబూచి కనిపించును. ఆడపడుచులు ఆ పూలు కోసి బతుకమ్మలు పేర్చుదురు. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిదప తంగేటి పూవునకు రాష్ట్ర పుష్పమను గౌరవము కూడ కలిగినది. పూవునకు ఇంత ప్రతిష్ఠ కలిగియుండగా ఆకును పలుకరించువారు లేరు. పసులు సైతము సామాన్యముగా దానిని మేయవు. అయినను ఆ ఆకు కొరకు దినమంతయు వెదకు ప్రాణి యొకటి కలదు. లేత పసుపు, తెలుపు వన్నెల రెక్కలతో పొదపై వ్రాలుచు, లేచుచు, మరల వ్రాలుచు తిరుగు సీతాకోకచిలుక అచ్చటికి తేనె కొరకు మాత్రమే వచ్చినది కాదు. అది ముందు ఆకును కాళ్లతో తాకి రుచి చూచును. తన బిడ్డలకు తగిన ఆహారమని తోచినచో ఒక్కొక్క లేతాకుపై ఒక్కొక్క గ్రుడ్డు నిలిపి పోవును.

సీతాకోకచిలుక యనగానే పూవు జ్ఞప్తికి వచ్చుట కవులు చేసిన అలవాటు. పూవు దాని అంగడి. ఆకు దాని పుట్టినిల్లు. తేనె యే పూవున దొరికినను త్రాగును గాని గ్రుడ్డు మాత్రము తన కులమునకు చెల్లిన మొక్కపైననే పెట్టును. నేడు జీవించియున్న జాతులలో మూడింట రెండు వంతులు ఒకే వృక్ష కుటుంబమును ఆశ్రయించి బ్రతుకుచున్నవి. కనుక ఏ సీతాకోకచిలుక ఏ దేశమునకు వ్యాపించెను, ఎచ్చట ఆగిపోయెను అను ప్రశ్నకు సమాధానము తరచుగా ఆకులలోనే దొరకును. పాఠశాలలలో గ్రుడ్డు, గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు అను నాలుగు దశల చిత్రమును గీయించుచున్నారు. ఆ చిత్రములో పురుగు క్రింద ఒక పచ్చని ఆకు కూడ ఉండును. ఆ ఆకు ఏ చెట్టుదో చెప్పు ఆచారము లేదు. పాఠములో సగము అచ్చటనే జారిపోవుచున్నది.

2023లో అకిటో కవహర అను శాస్త్రవేత్త నాయకత్వమున అనేక దేశముల పరిశోధకులు సీతాకోకచిలుకల వంశవృక్షము నొకదానిని ప్రకటించిరి. కవహర అమెరికాలోని ఫ్లోరిడా ప్రాకృతిక చరిత్ర ప్రదర్శనశాలకు చెందినవాడు. ప్రపంచమున పేరు పెట్టబడిన సీతాకోకచిలుకలు దాదాపు 19,000 జాతులు; భారతదేశమున నున్నవి 1,300కు పైబడినవి. ఆ బృందము సుమారు 2,300 జాతుల జన్యువులను పోల్చి చూచెను. జన్యువులలోని భేదములకు, దొరికిన కొద్దిపాటి శిలాజముల వయస్సును జతపరచి, ఏ కొమ్మ ఎప్పుడు చీలెనో, ఏ ఖండమున చీలెనో లెక్కగట్టెను. ఆ లెక్కను బట్టి మొదటి సీతాకోకచిలుకలు సుమారు 10 కోట్ల సంవత్సరముల క్రిందట ఉత్తర, మధ్య అమెరికా భూభాగములలో పుట్టినవి. వాని గొంగళిపురుగులు మొదట తినినది చిక్కుడు కుటుంబపు ఆకు. తంగేడు, రేల, కంది, పెసర, జనుము, మోదుగ, కానుగ, ఇవన్నియు ఆ కుటుంబములోనివే.

దీనిని బట్టి చివ్వెంల తంగేటి పొదపై వ్రాలినదే ఆదిమ సీతాకోకచిలుక యని తలచరాదు. అదియు కాలక్రమమున ఎన్నో మార్పులు పొందినదే. అయితే అన్నియు మారినను ముత్తవ్వ నాటి వంటను విడువని ఇండ్లు కొన్ని యుండును గదా! ఈ పసుపు రెక్కల వంశమునందు ఆ లక్షణము కొంత కలదు. తంగేడు, తగిరస, కసివింద మొక్కలపై ఒక జాతి, రేల చెట్టుపై దాని దాయాది యింకొకటి, చిన్న పసుపు జాతులు మరికొన్ని, అన్నియు చిక్కుడు కుటుంబము నాశ్రయించియే యున్నవి. ఆంగ్లేయులు వీనిలో పెద్దవానికి ‘ఎమిగ్రెంట్’, అనగా దేశము విడిచి పోవునది యని పేరిడిరి. వానలు పడి ఆకు సమృద్ధియైన యేట ఇవి గుంపులు గుంపులుగా పుట్టి, ఆకు చాలక ఒకే దిక్కునకు తరలిపోవుటను చూచి పెట్టిన పేరది.

సీతాకోకచిలుకలు వేరొక సృష్టి కావు. రాత్రి దీపము చుట్టు తిరుగు రెక్కల పురుగుల వంశమున పగటి వెలుగునకు వచ్చిన యొక శాఖ. అవి పగటికి మారుటకు గబ్బిలముల భయమే హేతువని చాలకాలము చెప్పుచువచ్చిరి. వినుటకు ఇంపైన సిద్ధాంతమే. కాని గబ్బిలముల శిలాజములలో మిక్కిలి ప్రాచీనమైనవి సుమారు 5 కోట్ల యేండ్ల నాటివి. అప్పటికే సీతాకోకచిలుకలు పుట్టి ఎన్నో కోట్ల యేండ్లు గడచెను. పగటిపూట విచ్చుకొను పూల తేనెయే వానిని వెలుగునకు రప్పించెనను అభిప్రాయము నేడు బలపడినది. శిలాజముల లోటు ఈ శాస్త్రమున పెద్ద లోటు. దుమ్ము వంటి పొలుసులతో కప్పబడిన పలుచని రెక్క రాతిలో నిలిచియుండుట అరుదు. అమెరికాలోని కొలరాడో ప్రాంతమున షార్లట్ హిల్ అను గృహిణి సేకరించిన శిలాజము నొకదానిని శామ్యూల్ స్కడర్ 1878లో వర్ణించెను. సుమారు 3.4 కోట్ల యేండ్ల క్రిందట బూడిద మట్టిలో అణగిన ఆ సీతాకోకచిలుక రెక్కలపై చారలు కూడ నేటికిని కనిపించుచున్నవి. అటువంటివి ప్రపంచమంతటను వెదకినను బహుస్వల్పము. అందువలననే జన్యువులను ఆశ్రయింపవలసి వచ్చినది.

అమెరికాలో పుట్టినవి తెలుగు నేలకు ఎట్లు వచ్చెను? ఆసియాను అమెరికాను నేడు వేరుచేయుచున్న బేరింగు జలసంధి ప్రాంతమున ఒకప్పుడు నేల కలిసియుండెను. సుమారు 7.5 కోట్ల సంవత్సరముల క్రిందట ఒక శాఖ ఆ దారిని ఆసియాలో అడుగిడి, ఆగ్నేయాసియాకు, పశ్చిమాసియాకు, ఆఫ్రికా తూర్పు కొమ్మునకు విస్తరించెను. వేరొక శాఖ దక్షిణ అమెరికాకు దిగి, అప్పటికి మంచు కప్పని అంటార్కిటికా అంచుల మీదుగా ఆస్ట్రేలియా చేరెను. ఐరోపాకు మాత్రము మిక్కిలి ఆలస్యముగా పోయినవి. పశ్చిమాసియా సరిహద్దున కోట్లకొలది యేండ్లు అవి ఎందుకు ఆగిపోయెనో శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. ఐరోపాలో నేటికిని సీతాకోకచిలుకల జాతులు తక్కువగా నుండుటకు ఈ ఆలస్యము కూడ ఒక కారణమని వారి యూహ.

భారతదేశము సంగతి మరింత విచిత్రము. సుమారు 6 కోట్ల యేండ్ల క్రిందట సీతాకోకచిలుకలు ఇచ్చటికి చేరునప్పటికి ఈ దేశము ఆసియా ఖండముతో అతుకుకొనలేదు. నాలుగు వైపుల సముద్రముతో ఉత్తరమునకు జరుగుచున్న ద్వీపమది. హిమాలయములు లేవు. పడమట దక్కను లావా ప్రవాహములు చల్లారి ఎంతో కాలము కాలేదు. చివ్వెంల మండలమున ఉండ్రుగొండ కోట నిలిచిన గుట్టలు, దురాజుపల్లి పెద్దగట్టు వంటి రాళ్లు మాత్రము ఉండెను. తెలంగాణ రాతినేల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రము చెప్పుచున్నది. ఆ గుట్టల లెక్కలో సీతాకోకచిలుక నిన్న వచ్చిన చుట్టము. రెండేండ్లకొకసారి మాఘమాసమున లింగమంతుల స్వామి జాతరకు పెద్దగట్టు నెక్కు లక్షల జనులు ముట్టునది అంతటి పాత రాయి.

చేరిన తరువాత అవి ఇన్ని జాతులుగా ఎట్లు విడిపోయెను? ఇందులకు 1964లో పాల్ ఎర్లిచ్, పీటర్ రేవన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు చూపిన దారి ముఖ్యమైనది. మొక్క కదలలేదు, కాని తన్ను తిను పురుగును ఎదిరింపవలెను. అందుకై ఒక మొక్క పాలు కార్చును, ఒకటి ఘాటైన తైలములు నింపుకొనును, ఒకటి విషమునే దాచుకొనును. పురుగులలో ఏదేని యొకటి ఆ విషమును సహించు శక్తి సంపాదించినచో, పోటీ లేని భోజనశాల దానికి దొరకినట్లే. దాని సంతతి ఆ మొక్కతోను, ఆ మొక్క బంధువులతోను దేశముల వెంబడి వ్యాపించును. మొక్క మరల క్రొత్త విషమును కల్పించుకొనును. ఈ కయ్యము కోట్ల యేండ్లు సాగగా ఇరువైపులను జాతులు పెరిగెను.

దీనికి నిదర్శనము పెరటిలోనే యున్నది. కరివేపాకు కోయునప్పుడు ఇల్లాండ్రకు పిట్ట రెట్ట వలె నలుపు తెలుపు కలిసిన పురుగు కనిపించును. అది పెరిగి నిగనిగలాడు ఆకుపచ్చ వన్నెకు మారును. ముట్టుకొన్నచో తల వెనుక నుండి ఎఱ్ఱని కొమ్ముల వంటి దానిని వెలికి నెట్టి ఘాటైన వాసన వెదజల్లును. అది ‘కామన్ మార్మన్’ అను నల్లని సీతాకోకచిలుక బిడ్డ. మగది నల్లని రెక్కపై తెల్లని చుక్కల వరుసతో ఒకే తీరున ఉండును. ఆడది మాత్రము మూడు వేషములలో కనిపించును. ఒక వేషము మగదానివంటిదే. తక్కిన రెండును ఎఱ్ఱ మచ్చలు గల వేరు జాతులను పోలినవి. ఆ ఎఱ్ఱ మచ్చల జాతులు రెండును ఈశ్వరి తీగపై పెరిగి దానిలోని విషమును ఒంటబట్టించుకొనును గనుక వానిని ఒకసారి రుచి చూచిన పిట్ట మరల ముట్టదు. కరివేపాకు తిని పెరిగిన దానికి ఆ విషము లేదు; వేషము మాత్రమే కలదు. ఇంగ్లండు దేశీయుడైన హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవులలో పదునొకండేండ్లు తిరిగి ఇట్టి వేషధారణను 1862లో శాస్త్రలోకమునకు వివరించెను. బెంగుళూరు జాతీయ జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన కృష్ణమేఘ కుంటె, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి, కామన్ మార్మన్ ఆడుదాని వేషములను నడుపునది ‘డబుల్‌సెక్స్’ అను ఒకే జన్యువని 2014లో నిరూపించెను.

ఇందు భూగోళము కూడ కలదు. ఆ ఎఱ్ఱ మచ్చల జాతులలో ‘క్రిమ్సన్ రోజ్’ అనునది ముఖ్యముగా భారతదేశమునకు, శ్రీలంకకు పరిమితమైనది. 1758లో లిన్నేయస్ దానికి గ్రీకు ఇతిహాసములోని ట్రోయ్ వీరుడైన హెక్టరు పేరు పెట్టెను. హెక్టరు ఎగురు సీమలలోనే కరివేపాకు సీతాకోకచిలుక ఆడుది ఆ వేషమును ధరించును. హెక్టరు లేని దేశములందు ఆ వేషము చెల్లదు. తీగ యున్నచోట హెక్టరు, హెక్టరు ఉన్నచోట వేషధారి. కంచెపై ఈశ్వరి తీగను పెరికివేసినవాడు ఒక జాతికి కూడు తీయుటయే గాక, మరియొక జాతి ప్రాణరక్షణకు ఆధారమైన వేషమునకు అర్థమే లేకుండ చేయుచున్నాడు.

జిల్లేడు కథయు ఇటువంటిదే. పాలుగారు ఆ మొక్కను మేకలు సైతము తప్పించుకొని పోవును. నారింజ వన్నె రెక్కలకు నల్లని అంచు గల ‘ప్లెయిన్ టైగర్’ సీతాకోకచిలుక బిడ్డలకు అదియే పరమాన్నము. జిల్లేడును, దాని బంధువులును మొలచిన దేశములన్నిటను, ఆఫ్రికా మొదలుకొని ఆస్ట్రేలియా వరకు, ఈ వంశము కలదు. క్రీస్తుకు పూర్వము సుమారు 1350 నాటి ఈజిప్టు దేశపు నెబమూన్ సమాధి గోడపై ఆ సీతాకోకచిలుకలే చిత్రింపబడియున్నవి. ఆ చిత్రఖండము లండనులోని బ్రిటిష్ మ్యూజియమున కలదు. నైలునదీ తీరమున మూడువేల మూడువందల యేండ్ల క్రిందట చిత్రకారుడు చూచిన రెక్కను, చివ్వెంల బస్సు దిగిన బాలుడు నేడు జిల్లేటి పొదపై చూడవచ్చును.

దీనికిని వేషధారి యొకటి కలదు. దాని గొంగళి గంగవాయిలి కూరపై పెరుగును. ఆంగ్లమున ‘డేనాయిడ్ ఎగ్‌ఫ్లై’ అను ఆ జాతికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పెద్దపులితో బాటు, 2022 సవరణకు పూర్వము చోటుండెను. చట్టము చేసినవారి దయ గొప్పదే. అయితే పురుగును పట్టినవానికి శిక్ష విధించిన ఆ చట్టము గంగవాయిలిని గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. చేని గట్టున మందు చల్లి ఆ కూరను మాడ్చివేసిన వానికి తాను షెడ్యూలు ప్రాణి కూటిలో మట్టి కొట్టితినని తెలియదు. తెలిపినవారును లేరు.

సీతాకోకచిలుకల వ్యాప్తి కోట్ల యేండ్ల క్రిందటనే ముగిసిన కథ కాదు. నేటి ఉపాధ్యాయుల జీవితకాలముననే అది కన్నుల యెదుట జరిగినది. ‘టానీ కోస్టర్’ అను ఇటుక వన్నె సీతాకోకచిలుక భారతదేశమునకు, శ్రీలంకకు చెందినది. తెలంగాణ బీళ్లలో నేలకు జానెడెత్తున మెల్లగా తేలుచు పోవును. దాని ముండ్ల గొంగళి పురుషరత్నమను చిన్న మొక్కను తినును. కంచెల మీద ప్రాకి, జాలివంటి పొరలో పండు నుంచుకొను అడవి తీగను కూడ తినును. ఆ తీగ దక్షిణ అమెరికా నుండి వచ్చినది. ఈ సీతాకోకచిలుక 1980ల దశకమున థాయిలాండులో కనిపించెను. పిదప మలేషియాలో, 2006లో సింగపూరులో, అటు పిమ్మట ఇండోనేషియా దీవులలో కనిపించెను. 2012 ఏప్రిలులో ఆస్ట్రేలియా ఉత్తర తీరమున డార్విన్ నగర సమీపమున దిగెను. సగటున ఏటికి సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణము! వేగముగా ఎగురలేని ప్రాణి, సముద్రపు పాయలు దాటి ఇంత దూరము పోయినది. ఆగ్నేయాసియాలో అడవులు నరికి నేల బయలు చేయుట దానికి దారి తెరచి యుండవచ్చునని పరిశోధకుల యభిప్రాయము. దారిపొడవున అన్నము పెట్టినది పై రెండు మొక్కల కుటుంబము. ఆస్ట్రేలియాలో కూడ పురుషరత్నపు మొక్క ఉండనే యున్నది.

నిమ్మ సీతాకోకచిలుక, అనగా ‘లైమ్ బటర్‌ఫ్లై’, మరియొక దారి త్రొక్కెను. నల్లగొండ సీమ బత్తాయి తోటలకు పేరుపడినది. నారుమడిలో లేత బత్తాయి మొక్క ఆకులు రాత్రికి రాత్రి మాయమైన రైతు ఈ సీతాకోకచిలుకను అందగత్తె యని పొగడడు. పొగడవలెనని అతనిని కోరుట న్యాయమును కాదు. నిమ్మజాతి మొక్కలను మానవుడు భూగోళమంతట నాటెను. వానిని వెదకుకొనుచు ఈ ఆసియా జాతి 2004లో అట్లాంటిక్ ఆవల డొమినికన్ రిపబ్లిక్‌లో ప్రత్యక్షమై, పిదప జమైకా, క్యూబా దీవులకు ప్రాకెను. అచ్చటికి ఎగిరి పోయినదనుట కష్టము. మొక్కలతో, ఓడలతో పోయి యుండవచ్చును. ఈ జాతియే ఆస్ట్రేలియాలో మాత్రము నిమ్మను విడిచి చిక్కుడు కుటుంబపు మొక్క నొకదానిని తినుచున్నది. ఒకే జాతి రెండు దేశములలో రెండు భోజనముల కలవాటు పడుట జాతుల చీలికకు మొదటి మెట్టు కావచ్చును. ఆముదపు చేలలో తిరుగు ‘కామన్ కాస్టర్’ కూడ ఇట్టిదే. అడవిలో దురద పుట్టించు తీగపై బ్రతుకు ఆ వంశమునకు, ఆఫ్రికా నుండి ఎన్నడో వచ్చిన ఆముదపు పైరు చేలకు చేలు విందు పరచినది.

ప్రయాణములలో సాహసము మాత్రము ‘పెయింటెడ్ లేడీ’ అనుదానిదే. 2013లో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా సముద్రతీరమున అలసి పడియున్న కొన్నిటిని గెరార్డ్ తలవేర అను శాస్త్రజ్ఞుడు చూచెను. రెక్కలకంటిన పుప్పొడిని, జన్యువులను, ఆనాటి గాలులను పరీక్షింపగా, అవి పశ్చిమ ఆఫ్రికా నుండి 4,200 కిలోమీటర్లకు తక్కువ కాని దూరము మహాసముద్రము మీదుగా వచ్చినవని 2024లో తేలెను. దక్షిణ భారతమున అంత దూరము కాకున్నను ఏటేట ఒక యాత్ర జరుగుచున్నది. నీలిచారల ‘బ్లూ టైగర్’ మున్నగునవి నైరృతి ఋతుపవనమునకు ముందు పడమటి కనుమల నుండి తూర్పు వైపునకు తరలి, వానకాలము గడచిన పిదప మరలిపోవును. ఈ నీలిచారల వంశమునకు శాస్త్రమున గల పేరు ‘తిరుమల’. ఫ్రెడరిక్ మూర్ అను ఆంగ్లేయుడు 1880లో పెట్టిన పేరది. జనుము చేను వాడిన ఆకులపై ఇవి గుమిగూడి చేదు సారమును పీల్చుకొనును. శత్రువుల నుండి రక్షణకును, వివాహమునకు కావలసిన పరిమళమునకును ఆ సారము పనికివచ్చును.

ఇచ్చట సాహిత్యమునకు సంబంధించిన యొక కొరత చెప్పవలసియున్నది. పైన పేర్కొనిన జాతులన్నిటికిని ఆంగ్లపు పేర్లను వాడవలసి వచ్చినది. తెలుగున సీతమ్మ కోకను, చిలుకను కలిపి కూర్చిన చక్కని మాట యొకటి కలదు. కాని అన్ని జాతులకు అది యొక్కటియే. వరికి, మామిడికి, చేపలకు, ఎద్దుల వన్నెలకు వందలకొలది పేర్లు పెట్టిన జాతి ఈ విషయమున ఒక్క మాటతో తృప్తి పడినది. మలయాళీలు తమ దేశపు సీతాకోకచిలుకలకు గరుడశలభము, కృష్ణశలభము, బుద్ధమయూరి వంటి పేర్లు కల్పించుకొనిరి. 2018లో కేరళము బుద్ధమయూరిని రాష్ట్ర శలభముగా ప్రకటించెను. తెలుగునకు ఇది అసాధ్యమైన పని కాదు. నిమ్మచిలుక, కరివేపచిలుక, జిల్లేటిచిలుక, తంగేటిచిలుక, ఆముదపుచిలుక అని ఆకును బట్టి పేరిడినచో పేరులోనే సగము పాఠము చెప్పినట్లగును. ఇంతకన్న మేలైన పేర్లు పల్లెటూరి బడిపిల్లలు చెప్పగలరు. పండితుల సభ తీర్మానించు వరకు వేచియుండనక్కరలేదు. జనుల నోట నిలిచినదే పేరు.

పేరు పెట్టుటకు ముందు చూచి వ్రాయుట కావలెను. భారతదేశపు సీతాకోకచిలుకలను గూర్చి చాలకాలము ప్రమాణమై నిలిచిన గ్రంథమును బొంబాయి ప్రాకృతిక చరిత్ర సంఘము 1957లో ప్రచురించెను. దానిని వ్రాసిన వింటర్-బ్లైత్ వృత్తిచే ఉపాధ్యాయుడు. రాజ్‌కోటలోని రాజకుమార కళాశాలకు ప్రధానాచార్యుడు. తెలుగు నేలపై విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన సి. సుబ్బారెడ్డి, జె.బి. అట్లూరి, ఎస్.పి. వెంకట రమణ గారలు ఒక్కొక్క జాతిని విడివిడిగా తీసికొని, అది గ్రుడ్డు పెట్టు మొక్క యేది, గొంగళి పెరుగుటకు ఎన్ని దినములు, పెద్దదై త్రాగు తేనె ఏ పూవుది అని ఓపికతో పరిశీలించి ప్రకటించిరి. ఇట్టి పనికి విలువైన యంత్రములు అక్కరలేదు. 2020 నుండి దేశమంతట సెప్టెంబరు నెలను సీతాకోకచిలుకల లెక్కకు కేటాయించి ఔత్సాహికులు పనిచేయుచున్నారు. ఆ నెల తెలంగాణ మెట్టసీమలో తంగేడు చిగిర్చి పూయు కాలమే.

చివ్వెంల పాఠశాలలోని తరగతి యొకటి పెద్దగట్టు, ఉండ్రుగొండ చిట్టడవి, చెరువు కట్ట, ఒక బత్తాయి తోట, బడి ఆవరణ అను ఐదు చోట్లను ఎంచుకొని, నెలకొక దినము ఉదయము తొమ్మిది మొదలు పదునొకండు వరకు తిరిగినచో చాలును. పురుగును పట్టవద్దు, సూదికి గ్రుచ్చవద్దు. తేదీ, చోటు, ఎండయో మబ్బో, రెక్క వన్నె, వ్రాలిన మొక్క పేరు వ్రాయవలెను. గ్రుడ్డు పెట్టుచుండగా చూచిన మొక్క పేరు క్రింద గీత గీయవలెను. అన్నిటికన్న విలువైనది అదియే. మొక్క పేరు తెలియనిచోట గొఱ్ఱెల కాపరినో, కలుపు తీయు అవ్వనో అడుగవలెను. పురుషరత్నము, గాడిదగడపాకు, కసివింద, ఈశ్వరి అను పేర్లు వారి నోట ఇంకను బ్రతికియున్నవి. ఆ తరము గడచిన పిమ్మట మొక్క కనిపించినను పేరు చెప్పువారుండరు.

గట్ల మీది మొక్కలకు కూడ గడువు దగ్గరపడుచున్నది. కూలీలు దొరకక, దొరికినను కూలి గిట్టక రైతు గడ్డిమందును ఆశ్రయించుచున్నాడు. చేనిలో కొట్టిన మందు గట్టుపైకి, గట్టు మీది నుండి కాల్వ దరికి ప్రాకుచున్నది. రైతును నిందించి ప్రయోజనము లేదు. అతని కష్టము అతనిది. కాని పంచాయతి అధీనమున నున్న చెరువు కట్టలు, బాటల అంచులు, శ్మశానముల ఆవరణములు, బడి కంచెలు ఉన్నవి. వీనిని శుభ్రపరచుట యనగా పచ్చగా మొలచిన దానినెల్ల గీకివేసి రెండు వరుసల రంగుపూల మొక్కలు నాటుటయే యను భ్రమ ప్రబలినది. ఆ పూలపై సీతాకోకచిలుకలు వ్రాలునే గాని, ఆ మొక్కలలో అనేకము వాని బిడ్డలకు ఒక్క పూట కూడును పెట్టలేవు. అట్టి తోటను చూచి సీతాకోకచిలుకల తోట యని బోర్డు కట్టుట, భోజనము లేని సత్రమునకు అన్నసత్రమని పేరు పెట్టుట వంటిది.

చివ్వెంల లెక్కకు తోడుగా కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పాఠశాలలును ఈ పని చేసినచో ఫలము హెచ్చగును. 1967 ఆగస్టున నాగార్జునసాగరము నీరు కాల్వలకు వదలిన పిదప ఎడమ కాల్వ క్రింది మెట్టలు వరిమళ్లయినవి. గడ్డిజాతి ఆకులను, వరి ఆకును తిని సంధ్యవేళ ఎగురు గోధుమవన్నె జాతులకు అది అన్నపు రాశి. జిల్లేటికి, తంగేటికి, పురుషరత్నమునకు అలవాటుపడిన వానికి చోటు తగ్గెను. నేలపై ఒక పైరు మారినంతనే ఏ రెక్కలు హెచ్చినవి, ఏ రెక్కలు తగ్గినవి అను విషయము, అర్ధదినపు ప్రయాణములో చూడగల దూరమున నున్న రెండు బడుల పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచినప్పుడు కనిపించును. పట్టికలు మూడేండ్లపాటు విడువక సాగవలెను, ఏలయన ఒక్క యేటి వాన హెచ్చుతగ్గులు లెక్కను తారుమారు చేయును. వానకాలపు మొదటి చిగురు వేయు ఆషాఢమున ప్రారంభించినచో, బతుకమ్మ పండుగ సెలవుల నాటికి మొదటి మూడు నెలల పట్టిక చేతికి వచ్చును.